చదువుకీ వీడియో ఎడిటింగ్‌కీ ఒకే ల్యాప్‌టాప్: కొనే ముందు ఏం చూడాలి, ఎలా చూడాలి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసి ఎచ్చెర్లలోనో, రాజాంలోనో, విజయనగరం జేఎన్‌టీయూలోనో సీటు ఖాయమైన ఇంట్లో ఆ వెంటనే మొదలయ్యే చర్చ ల్యాప్‌టాప్ గురించే. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, ప్రోగ్రామింగ్ ల్యాబుల వరకే అయితే ఇప్పుడు దొరికే మధ్యస్థ యంత్రాల్లో ఏదైనా సరిపోతుంది. దానికి వీడియో ఎడిటింగ్ తోడైతే మాత్రం లెక్క మారుతుంది. టైపింగ్, బ్రౌజింగ్ వంటి పనులు ప్రాసెసర్‌ను క్షణకాలం వాడుకుని వదిలేస్తాయి. పది నిమిషాల వీడియోను ఎక్స్‌పోర్ట్ చేసే పని, అంటే ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియో ఫైలుగా తయారుచేసే పని మాత్రం ప్రాసెసర్, మెమరీ, డిస్కు, ఫ్యాను అన్నింటినీ ఏకధాటిగా వాడుకుంటుంది. ఆ రెండు పనులనూ నాలుగేళ్లపాటు ఒకే యంత్రం మీద చేయాలనుకునేవారు ముందు తమ పనిని, ఆపైన లోపలి భాగాలను, తర్వాత తెరను తేల్చుకుని, చివరగా దుకాణానికి వెళ్లాలి. నేరుగా దుకాణానికి వెళ్లినవారికి అక్కడ ఉన్న సరుకే అవసరంగా కనిపిస్తుంది.

1. మీ పని ఏమిటో ముందు రాసుకోండి

రెండు విషయాలు కాగితం మీద పెట్టండి. మొదటిది, మీ కోర్సులో వాడే సాఫ్ట్‌వేర్. మెకానికల్ విద్యార్థులకు కావలసిన సాలిడ్‌వర్క్స్, కాటియా వంటివి విండోస్ మీదే నడుస్తాయి కాబట్టి, మ్యాక్‌బుక్ ఎంత బాగున్నా వారికి పనికిరాదు. కంప్యూటర్ సైన్స్ వారికి ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషీన్లు మెమరీని ఎక్కువగా తింటాయి. బీకాం వారికి ట్యాలీ, ఎక్సెల్ చాలు. వారు ఎడిటింగ్‌ను మాత్రమే దృష్టిలో పెట్టుకుని కొనవచ్చు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది గాని, ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని వాటి మీద సరిగా నడవవు. సీనియర్లను అడిగి నిర్ధారించుకోకుండా వాటి జోలికి పోవద్దు.

రెండవది, మీరు ఎడిట్ చేయబోయే వీడియో ఎక్కడి నుంచి వస్తుందన్నది. ఫోనులో 1080పిలో తీసి రీల్స్ చేసేవారి అవసరం వేరు, అదే ఫోనులో 4కెలో తీసేవారిది వేరు. సెలవుల్లో పెళ్లి వీడియోలకు సాయం వెళ్లి మిర్రర్‌లెస్ కెమెరా ఫైళ్లు ఇంటికి తెచ్చుకునేవారిది మూడో రకం. ఆ కెమెరాలు చాలావరకు రంగుల వివరాలు ఎక్కువగా ఉండే 10 బిట్, 4:2:2 పద్ధతిలో రికార్డు చేస్తాయి. హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో ఉన్న అలాంటి ఫైళ్లను నేరుగా విప్పగల సదుపాయం ఇటీవలి ఇంటెల్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్‌లో ఉంది. ఎన్‌విడియాలో అది ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితోనే వచ్చింది. ఆ ఫైళ్లతో పని ఉన్నవారు ఖరీదైన పాత గ్రాఫిక్స్ కార్డు కంటే సరైన ఇంటెల్ ప్రాసెసర్‌ను చూసుకోవడమే మేలు. ఫోను వీడియోలకు ఈ చిక్కు లేదు.

2. ప్రాసెసర్: స్టిక్కరు మీది పేరు కాదు, దాని వెనక ఉన్న అంకె చూడండి

‘ఐ7 తీసుకోండి బాబూ, ఇంక చూసుకోనక్కర్లేదు’ అనే మాట ఏ దుకాణంలోనైనా వినబడుతుంది. ఆ మాటను నమ్మి ఎక్కువ డబ్బు పెట్టవద్దు. ఉదాహరణకు ఐ7 1355యూలో వేగంగా పనిచేసే పెద్ద కోర్లు (లెక్కలు చేసే విభాగాలు) రెండే. ఐ5 13420హెచ్‌లో అవి నాలుగు. పేరు చివర యూ అక్షరం ఉన్న ఆ రకాన్ని 15 వాట్ల విద్యుత్తుకు, హెచ్ ఉన్నదాన్ని 45 వాట్లకు రూపొందించారు. ఎక్స్‌పోర్ట్ వంటి పొడవైన పనిలో రెండోదే ముందుంటుంది, ధర కూడా చాలాసార్లు తక్కువే. బదులుగా హెచ్ రకం బ్యాటరీని త్వరగా ఖాళీ చేస్తుంది, ఫ్యాను శబ్దం చేస్తుంది.

ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలో మూడో అంకెను చదవడం నేర్చుకోండి. ప్రాసెసర్ లోపలి నిర్మాణం ఏ తరానిదో అది చెబుతుంది. రైజెన్ 5 7520యూ అనే పేరులో మూడో అంకె 2. అంటే పెట్టె మీద పేరు కొత్తదే అయినా లోపల ఉన్నది 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం, నాలుగే కోర్లు. పేరులో ఒక్క అంకె తేడాతో ఉండే 7530యూలో జెన్ 3 నిర్మాణం, ఆరు కోర్లు ఉంటాయి. ప్రకటనలో రెండింటినీ ‘రైజెన్ 5’ అనే రాస్తారు. ఎడిటింగ్ చేయాలనుకునేవారు మొదటిదాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదని నా అభిప్రాయం.

3. ర్యామ్: ఇక్కడ పొదుపు చేయవద్దు

అడోబీ తన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోకు హెచ్‌డీ వీడియో కోసం 16 జీబీ, 4కె కోసం 32 జీబీ ర్యామ్ ఉండాలని సూచిస్తుంది. ఉచితంగా దొరికే మరో ఎడిటర్ డావించీ రిజాల్వ్‌కు కూడా 16 జీబీ కంటే తక్కువ ఉంటే పని సాగదు. 8 జీబీ యంత్రంలో టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చే చోటు) తెరిచి, పక్కన క్రోమ్‌లో నాలుగు ట్యాబులు పెడితే విండోస్ డిస్కును ర్యామ్‌గా వాడుకోవడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి ప్రతి క్లిక్కుకూ నిరీక్షణే. కాబట్టి 16 జీబీని కనీసంగా పెట్టుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగినందువల్ల ‘తర్వాత చవగ్గా వేయించుకుందాం’ అన్న లెక్క ఇప్పుడు కుదరకపోవచ్చు.

ఎంత ఉందన్నదొక్కటే చాలదు, ఎలా ఉందన్నదీ చూడాలి. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ను పంచుకుంటుంది. 16 జీబీ ఒకే స్టిక్కుగా ఉంటే ఒకే దారిలో, రెండు 8 జీబీ స్టిక్కులుగా ఉంటే రెండు దారుల్లో రాకపోకలు సాగుతాయి. ఈ తేడా ఎంతటిదంటే, కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఒకే స్టిక్కు ఉన్నప్పుడు గ్రాఫిక్స్ పేరు ‘యూహెచ్‌డీ’ అని, రెండోది వేశాక ‘ఐరిస్ ఎక్స్‌ఈ’ అని మారిపోతుంది.

దుకాణంలో దీన్ని నిమిషంలో తేల్చవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ నొక్కండి. ‘స్లాట్స్ యూజ్డ్’ అన్న చోట 2లో 1 అని ఉంటే రెండో స్టిక్కుకు చోటు ఖాళీగా ఉన్నట్టు. దాని కిందే ‘ఫామ్ ఫ్యాక్టర్’ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని కనిపిస్తే, ఆ ర్యామ్ మదర్‌బోర్డుకు అతికించినదని అర్థం. అంటే ఇప్పుడున్నది మార్చే వీలు లేదు. అలాంటిది కొనదలిస్తే మొదటి రోజే కావలసినంత ర్యామ్‌తో కొనాలి. మ్యాక్‌బుక్‌లన్నీ ఈ కోవలోవే.

4. డిస్కు: మీ ఫోను వీడియోలతో లెక్క కట్టండి

ఐఫోనులో 4కె, సెకనుకు 30 ఫ్రేములతో, హై ఎఫిషియెన్సీ పద్ధతిలో తీసిన వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ తీసుకుంటుంది. అదే 60 ఫ్రేములైతే 400 ఎంబీ. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి, మీ ఫోనులో ఒక నిమిషం తీసి ఫైలు పరిమాణం చూసుకోండి. కాలేజీ ఫెస్ట్‌లో రెండు గంటల ఫుటేజీ తీస్తే 30 ఫ్రేముల లెక్కనే 20 జీబీ దాటుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే క్యాషీ (తాత్కాలిక) ఫైళ్లు, ప్రాక్సీ (తేలికైన నకలు) ఫైళ్లు, ఎక్స్‌పోర్ట్ చేసిన నాలుగైదు కాపీలు కలిపితే ఒక్క ప్రాజెక్టే 50 జీబీకి చేరడం వింత కాదు. 512 జీబీ అని కొన్న ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 476 జీబీగా కనిపిస్తుంది. అందులో విండోస్, కోర్సు సాఫ్ట్‌వేర్లు పోగా మిగిలినదే మీది.

అందువల్ల వేగవంతమైన ఎన్‌వీఎంఈ రకం 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, పక్కన ఇంకొకటి వేసుకోవడానికి ఖాళీ ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీని బిగించే చోటు) ఉన్న యంత్రం నాకు ఉత్తమంగా తోస్తుంది. ముగిసిన ప్రాజెక్టులకు విడిగా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఉంటే చాలు.

5. గ్రాఫిక్స్ కార్డు: ఉంటే మంచిదే, అప్పు చేసి కొనవలసినది కాదు

ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు వల్ల కలర్ గ్రేడింగ్ (రంగులు సరిదిద్దడం), ఎఫెక్టులు, నాయిస్ తగ్గించడం వేగవంతమవుతాయి. డావించీ రిజాల్వ్ ఎక్కువగా గ్రాఫిక్స్ మీదే ఆధారపడుతుంది కాబట్టి, దానిలో ఎడిట్ చేసేవారికి 6 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4050 వంటిది ఉపయోగమే. అయితే ఈ కార్డును తయారీదారులు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు వేర్వేరు శక్తితో అమరుస్తారు. పేరు ఒకటే అయినా సన్నని ల్యాప్‌టాప్‌లో ఉన్నది లావుపాటి దానిలో ఉన్నంత పని చేయదు. కంపెనీ వెబ్‌సైటులో ‘టీజీపీ’ అన్న చోట ఈ వాట్లు రాసి ఉంటాయి.

కట్ చేయడం, పాట అతికించడం, పేర్లు వేయడం వరకే మీ ఎడిటింగ్ అయితే ఇంటెల్ లేదా ఏఎండీ సొంత గ్రాఫిక్స్ చాలు. 4కె ఫుటేజీ ఆగి ఆగి ఆడితే ‘ప్రాక్సీ’లు తయారుచేయండి. అంటే, సాఫ్ట్‌వేర్ ప్రతి క్లిప్పుకూ ఒక చిన్న, తేలికైన నకలు తయారుచేసి, మీరు ఎడిట్ చేసేంతసేపూ దాన్ని చూపించి, ఎక్స్‌పోర్ట్ సమయంలో అసలు ఫైలును వాడుతుంది. ప్రీమియర్‌లోనూ రిజాల్వ్‌లోనూ ఈ సదుపాయం ఉంది. రాత్రి భోజనానికి ముందు ప్రాక్సీలు పెట్టి వస్తే భోజనమయ్యాక పని హాయిగా సాగుతుంది. గ్రాఫిక్స్ కార్డుకు మరో ఇరవై వేలు పెట్టే స్తోమత లేనివారు దీనితో నాలుగేళ్లూ నెట్టుకురావచ్చు.

6. తెర: ప్రకటనలో దాచే భాగం

మధ్యస్థ ధరల్లో కంపెనీలు ఎక్కువగా కోత పెట్టేది ఇక్కడే. తెర ఎన్ని రంగులు చూపగలదో కొలిచే ప్రమాణాలు ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ. వివరాల పట్టికలో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే ఆ తెర ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతుల కంటే తక్కువే చూపగలదు. ‘72 శాతం ఎన్‌టీఎస్‌సీ’ లేదా ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని ఉన్నవే ఎడిటింగ్‌కు తగినవి. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో తీసిన ఒక క్లిప్పును ఈ రెండు రకాల తెరల మీద పక్కపక్కన ఆడించి చూడండి. మొదటి తెర మీద కుంకుమ ఇటుక పొడిలా, పసుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఆ తెరను నమ్మి మీరు రంగు పెంచితే, అదే వీడియో స్నేహితుల ఫోన్లలో కళ్లు చెదిరేంత ఎర్రగా కనిపిస్తుంది. తప్పు మీ చేతిది కాకపోయినా పేరు పోయేది మీదే.

వెలుగు కనీసం 300 నిట్స్ ఉండాలి. 250 నిట్స్ తెర గదిలో బాగానే ఉంటుంది గాని, కాలేజీ వరండాలో పగటిపూట మసకగా తోస్తుంది. రెజల్యూషన్ 1920 × 1080 లేదా 1920 × 1200 చాలు. 4కె వీడియో ఎడిట్ చేయడానికి 4కె తెర అవసరం లేదు. మీకు నచ్చిన ల్యాప్‌టాప్‌లో మిగిలినవన్నీ బాగుండి తెర ఒక్కటే బాగులేకపోతే, హాస్టల్ గదిలో పెట్టుకోవడానికి మంచి ఐపీఎస్ మానిటర్ విడిగా కొనడం కూడా ఒక మార్గమే. అలాంటప్పుడు హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో చూసుకోండి.

7. బరువు, బ్యాటరీ, కరెంటు

ఆమదాలవలసలో రైలు దిగి బస్సు పట్టుకుని కాలేజీకి వెళ్లేవారు, హాస్టల్ గదిలోనే ఉంచుకునేవారు ఒకే రకమైన యంత్రం కొనవలసిన పని లేదు. గేమింగ్ తరహా ల్యాప్‌టాప్ రెండుంపావు కిలోలకు పైగా ఉంటుంది, దాని చార్జరు మరో అర కిలో. రోజూ భుజాన మోసేవారు ఒకటిన్నర నుంచి 1.7 కిలోల లోపు ఉండి, టైప్ సి ద్వారా 65 వాట్లతో చార్జ్ అయ్యేదాన్ని చూడండి. బ్యాటరీని ‘పది గంటలు’ అన్న మాటతో కాక వాట్ అవర్లతో పోల్చండి. 50కి తక్కువైతే తరగతుల రోజంతా రాదు. భారీ ఎక్స్‌పోర్ట్‌ను ఎప్పుడూ చార్జర్ పెట్టే చేయాలి, ఎందుకంటే బ్యాటరీ మీద చాలా యంత్రాలు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి.

తుపాను దారిలో ఉండే తీరం మనది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. వాతావరణ హెచ్చరిక వచ్చిన రోజున పూర్తిగా చార్జ్ చేసి, ప్రాజెక్టు ఫైళ్లను బయటి డిస్కులోకి ఎక్కించి, చార్జరును గోడ సాకెట్ నుంచి తీసేయడం అలవాటు చేసుకోండి.

8. సర్వీసు ఎక్కడ దొరుకుతుందో బ్రాండ్ కంటే ముందు చూడండి

శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్లకు పైనే. పలాస, ఇచ్ఛాపురం వారికి ఇంకా దూరం. వారంటీలో ‘క్యారీ ఇన్’ అని ఉంటే యంత్రాన్ని మీరే సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాలి, ‘ఆన్‌సైట్’ అని ఉంటే మనిషి మీ ఇంటికి వస్తాడు. ఆన్‌సైట్ అని రాసి ఉన్నా మీ పిన్‌కోడ్‌కు అది వర్తిస్తుందో లేదో కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి అడగండి, సాధ్యమైతే ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఈ ఒక్క ఫోన్ కాల్ మూడో ఏడాదిలో పరీక్షల ముందు మిమ్మల్ని కాపాడవచ్చు. బస్సుల్లో, రైళ్లలో తిరిగేవారు కింద పడితే వర్తించే అదనపు రక్షణను, మూడేళ్ల వారంటీని కొనే సమయంలోనే బేరమాడి తీసుకోవడం లాభసాటి. తర్వాత విడిగా కొంటే ఎక్కువ పడుతుంది.

9. దుకాణంలో పరీక్షించే పద్ధతి

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మీకు నచ్చిన మోడల్ లేకపోతే విశాఖ డాబాగార్డెన్స్ వీధుల్లో పోల్చి చూసుకునే వీలుంటుంది. ఎక్కడికి వెళ్లినా యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్‌లో మీ సొంత 4కె క్లిప్పు ఒకటి పట్టుకెళ్లండి. తప్పెటగుళ్ల బృందమో, ఊరేగింపో, జనం కదలిక ఎక్కువ ఉన్నది ఏదైనా సరే. ప్రదర్శనకు ఉంచిన యంత్రంలోకి దాన్ని కాపీ చేసి, నెట్ అవసరం లేని ఉచిత షాట్‌కట్ వంటి ఎడిటర్‌ను అదే పెన్‌డ్రైవ్ నుంచి నడిపించి, ఐదు నిమిషాల వీడియోను 1080పిలోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. పట్టిన సమయం రాసుకోండి. మరో మోడల్ మీద అదే క్లిప్పు, అదే సెట్టింగు. ఈ రెండు అంకెలు చెప్పినంత సూటిగా ఏ ప్రకటనా చెప్పదు.

ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేగం గమనించండి. మొదటి నిమిషంలో 3.5 గిగాహెర్ట్జ్ ఉన్నది నాలుగో నిమిషానికి 2 గిగాహెర్ట్జ్ కిందికి పడిపోతే, లోపలి వేడిని ఫ్యాను బయటికి పంపలేకపోతోందని తెలుస్తుంది. ఏసీ దుకాణంలోనే అలా ఉంటే మే నెలలో మీ గదిలో ఇంకెలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కీబోర్డు మధ్యలో చేయి పెట్టి వేడి చూడండి, ఫ్యాను శబ్దం వినండి, తెరను కొద్దిగా వెనక్కి వంచి రంగులు మారుతున్నాయేమో చూడండి. ఇలా చూడనివ్వని దుకాణంలో కొనకండి.

ధర కుదిరాక సీలు వేసిన పెట్టెను మీ ఎదుటే తెరిపించి, పెట్టె మీది సీరియల్ నంబరు, యంత్రం అడుగున ఉన్నది, బిల్లులో రాసినది మూడూ ఒకటేనని సరిచూసుకోండి. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైటులో వేస్తే వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో కనిపిస్తుంది. ఆరు నెలల కిందటే మొదలై ఉంటే, బిల్లు తేదీ నుంచి మార్పించే బాధ్యత దుకాణదారుదే. జీఎస్టీ బిల్లు లేకుండా రెండు మూడు వేలు తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. ఆన్‌లైన్‌లో కొనేవారు ‘ఓపెన్ బాక్స్’ డెలివరీ ఎంచుకుని, పెట్టె విప్పడం మొదలుపెట్టిన క్షణం నుంచి ఫోనులో వీడియో తీయాలి.

10. చేతిలో డబ్బు తక్కువైతే

వాడిన ల్యాప్‌టాప్ తప్పేమీ కాదు. కంపెనీల ఆఫీసుల నుంచి వచ్చే పాత బిజినెస్ మోడళ్లు గట్టిగా ఉంటాయి, ర్యామ్ కూడా చాలావాటిలో పెంచుకోవచ్చు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11కు అర్హత ఉన్నవే చూడాలి. ల్యాప్‌టాప్‌ల విషయంలో ఇంటెల్‌లో 8వ తరం, రైజెన్‌లో 3000 శ్రేణి దానికి మొదటి మెట్టు. ఎడిటింగ్ ఉన్నవారు ఇంటెల్‌లో 11వ తరం కంటే కిందికి దిగకపోవడం మంచిది. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పట్టే సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదానిలో 70 శాతం కంటే తక్కువైతే కొత్త బ్యాటరీ ఖర్చును ధరలో తగ్గించమని అడగండి.

కొత్తదే కావాలంటే ముందు గ్రాఫిక్స్ కార్డు వదులుకోండి, తర్వాత డిస్కును 512 జీబీకి పరిమితం చేసుకోండి. ర్యామ్‌ను, తెరను చివరి వరకూ వదలకండి. ‘డాస్’ అని రాసిన చవక మోడళ్లలో విండోస్ ఉండదు. దాని లైసెన్సు ఖర్చు కలిపి పోల్చి చూడండి.

11. ఇంటికి తెచ్చిన రోజున

విండోస్ అప్‌డేట్లన్నీ పూర్తి చేసి, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తయారీదారు సైటు నుంచి వేసుకోండి. ఎక్కువసేపు చార్జర్ మీదే వాడేవారు కంపెనీ ఇచ్చిన యాప్‌లో బ్యాటరీ చార్జింగ్‌ను 80 శాతానికి పరిమితం చేయండి. రిటర్న్ గడువు ముగిసేలోగా ఒక పూర్తి వీడియోను ఎడిట్ చేసి చూడండి. తెర మీద మచ్చ, స్పీకర్ గరగర, వైఫై తెగిపోవడం వంటివి ఆ వారంలోనే బయటపడాలి. విండోస్ 11 ఉన్న కొత్త యంత్రాలు చాలావరకు డిస్కును తమంతట తామే ఎన్‌క్రిప్ట్ చేసి, దాని తాళపు సంఖ్యను మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాస్తాయి. ఆ ఖాతాను దుకాణంలోని అబ్బాయి ఈమెయిల్‌తో కాకుండా మీ సొంత ఈమెయిల్‌తో తెరవండి. 48 అంకెల ఆ రికవరీ కీని నోటుపుస్తకంలో రాసుకుని, జీఎస్టీ బిల్లుతో పాటు ఇంట్లో భద్రపరచండి.